ఒకే డోర్ నంబర్.. రెండు పేర్లు

యాకుత్‌పురాలో మా ఇంటి డోర్ నంబర్ మీద నాలుగు కుటుంబాలు ఉంటున్నాయి. కింద రెండు పోర్షన్లు, పైన రెండు. కరెంటు మీటర్లు వేరు, వంటలు వేరు. ఆధార్ కార్డుల్లో అడ్రస్ మాత్రం అందరిదీ ఒక్కటే. పక్క పోర్షన్‌లో ఉండే చాచా ఇంట్లోనే మగ్గం పెట్టుకుని జరీ పని చేస్తారు. పుట్టినప్పటి నుంచీ ఇదంతా చూస్తూ పెరిగా. అయినా ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను చేసిన పెద్ద తప్పు సరిగ్గా ఈ అడ్రస్ దగ్గరే జరిగింది.

నాది ఇంజినీరింగ్. పని చేసేది ఫోరెన్సిక్ అకౌంటింగ్ టీమ్‌లో, డేటా అనలిస్ట్‌గా. ‘బీటెక్ చదివి ఈ లెక్కల గోల ఏంట్రా’ అని ఫ్రెండ్స్ ఇప్పటికీ అడుగుతారు. మామూలు ఆడిటర్ లెక్కలు మొత్తం మీద సరిగా ఉన్నాయా లేవా అని చూస్తాడు. మా దగ్గరికి వచ్చేసరికి ఎవరికో అప్పటికే అనుమానం పుట్టి ఉంటుంది. డబ్బు ఎటు పోయింది? ఎవరి చేతి మీదుగా పోయింది? రేపు కోర్టులో అడిగితే చూపించగలమా? ఇదీ మా పని.

ఆ కేసులో ఓ కంపెనీ మూడేళ్ల కొనుగోళ్ల డేటా ఇచ్చింది. వెండర్ల జాబితానీ, ఉద్యోగుల జాబితానీ పక్కపక్కన పెట్టి ఫోన్ నంబర్, బ్యాంకు ఖాతా, అడ్రస్ కలుస్తున్నాయేమో చూడటం మాకు మొదటి రోజు పని. ఎస్‌క్యూఎల్ క్వెరీ రాశా. ఒక అడ్రస్ కలిసింది. యూనిఫాంలు కుట్టిచ్చే వెండర్‌దీ, స్టోర్స్‌లో పనిచేసే గుమాస్తాదీ ఒకే డోర్ నంబర్. దొంగ దొరికాడనుకున్నా. డ్రాఫ్ట్ నోట్‌లో ‘నకిలీ వెండర్’ అని రాసేశా. ‘కావచ్చు’ అన్న మాట కూడా పెట్టలేదు. ఆ నోట్ కంపెనీకి వెళ్లింది. మర్నాడే ఆయన్ని ఇంటి దగ్గర ఉండమన్నారు.

వారం తర్వాత మా సీనియర్ మేడమ్ నోట్ చదివి ఒక్కటే అడిగారు. ‘ఆ ఇంటికి ఎవరైనా వెళ్లి చూశారా?’

వెళ్లాం. అది పాతబస్తీలోనే, మా ఇంటికి బైక్ మీద పది నిమిషాలు. కింద షాపులో ఆరు కుట్టుమిషన్లు, గోడ వారగా యూనిఫాంల కట్టలు, బిల్లు పుస్తకాలు. పై పోర్షన్‌లో ఆ గుమాస్తా కుటుంబం అద్దెకుంటోంది. అంతే. ఆయన 19 రోజుల తర్వాత డ్యూటీలో చేరారు. అసలు కన్నం వేరే చోట ఉంది. 50 వేలు దాటితే పైవాళ్ల సంతకం కావాలని అక్కడ రూల్. ఓ ముగ్గురు వెండర్ల బిల్లులు 49,200, 49,850.. ఇలాగే ఉన్నాయి, ఒకే రోజు రెండేసి, మూడేసి. అడ్రస్‌ల వెంట పడి, అంకెల వైపు ఆలస్యంగా చూశా.

ఈ ఫీల్డ్ గురించి చెప్పాలంటే మన ఊళ్లో సత్యం కేసు దాటి వెళ్లలేం. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చినప్పుడు నేను స్కూల్లో ఉన్నా. 2008 సెప్టెంబరు 30 నాటి బ్యాలెన్స్ షీట్‌లో నగదు, బ్యాంకు నిల్వలు రూ.5,361 కోట్లు అని ఉంటే, అందులో రూ.5,040 కోట్లు లేనే లేవని ఆ లేఖలోనే ఉంది. ఆ మూడు నెలల ఆదాయం రూ.2,700 కోట్లుగా చూపారు, అసలుది రూ.2,112 కోట్లు. ఇంజినీరింగ్ వాళ్లు చూడాల్సింది దీని వెనక జరిగింది. సీబీఐ దర్యాప్తులో కంపెనీ సొంత ఇన్వాయిస్ సాఫ్ట్‌వేర్‌లోనే 7,561 నకిలీ ఇన్వాయిస్‌లు బయటపడ్డాయి. సూపర్ యూజర్ లాగిన్‌తో వాటిని ఫైనాన్స్ వాళ్లకు తప్ప మిగతా విభాగాలకు కనపడకుండా దాచారు. అంటే పుస్తకంలో దిద్దిన లెక్క కాదది, డేటాబేస్‌లో దాచిన లెక్క. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు రాజుతో పాటు మొత్తం పది మందిని దోషులుగా తేల్చింది. దానిపై అప్పీళ్లు కూడా వెళ్లాయి.

ఇప్పుడు రూల్స్ మారాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో రికార్డయ్యే ఎడిట్ లాగ్ తప్పనిసరి. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ప్రకారం కోర్టుకిచ్చే డిజిటల్ కాపీతో పాటు హ్యాష్ వాల్యూ ఉన్న సర్టిఫికెట్ ఇవ్వాలి. ల్యాప్‌టాప్ ఓపెన్ చేసి ఫైళ్లు కాపీ కొట్టేస్తే చెల్లదన్నమాట. లాగ్ చదవడం, హ్యాష్ తీయడం కామర్స్ డిగ్రీలో మామూలుగా నేర్పరు. మనకి సందు దొరికేది అక్కడే.

మరి ఎలా రావాలి? సీఏ అయితే ఐసీఏఐ వాళ్ల ఫోరెన్సిక్ అకౌంటింగ్ సర్టిఫికెట్ కోర్సు ఉంది. అది సీఏలకే. మిగతావాళ్లకి ఏసీఎఫ్‌ఈ ఇచ్చే సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్ ఉంది. దానికి చదువుతో పాటు అనుభవం కూడా లెక్కేస్తారు కాబట్టి ఫైనల్ ఇయర్‌లోనే ఫీజు కట్టేయొద్దు. బీటెక్ వాళ్లయితే ముందు ఎస్‌క్యూఎల్, ఎక్సెల్ గట్టిగా పట్టండి, పైథాన్ కొంచెం. జర్నల్ ఎంట్రీ, బ్యాంక్ రీకన్సిలియేషన్ అంటే ఏంటో బీకాం ఫ్రెండ్ పక్కన కూర్చుని నేర్చుకోండి. నేను అలాగే నేర్చుకున్నా, బదులుగా వాడికి పివట్ టేబుల్స్ చెప్పా. పెద్ద కన్సల్టింగ్ సంస్థల ఫోరెన్సిక్ విభాగాలు, బ్యాంకుల ఫ్రాడ్ టీమ్‌లు, దివాలా కేసుల్లో లావాదేవీల ఆడిట్ చేసే సంస్థలు తీసుకుంటాయి.

ఇంటర్వ్యూలో బెన్‌ఫోర్డ్ సూత్రం అడగొచ్చు. సహజంగా పుట్టిన లెక్కల్లో దాదాపు 30 శాతం అంకెలు 1తో మొదలవుతాయి, 9తో మొదలయ్యేవి 5 శాతం కూడా ఉండవు. బిల్లుల్లో ఈ వరస తప్పితే ఎందుకో చూడమని అర్థం, దొంగ అని కాదు. ఈ రెండో ముక్క కూడా చెప్పండి. చాలామంది మొదటిదే చెప్పి ఆగిపోతారు.

సినిమాల్లో చూపించినట్టు రోజూ థ్రిల్ ఉండదు. పీడీఎఫ్ స్టేట్‌మెంట్లు ఎక్సెల్‌లోకి మార్చడంలోనే వారాలు పోతాయి. కేసు సంగతి ఇంట్లో చెప్పకూడదు. యాకుత్‌పురా స్టేషన్‌లో ఎంఎంటీఎస్ దిగి ఇంటికొచ్చాక ‘ఏం చేసినవ్ ఇయ్యాల’ అని అమ్మ అడిగితే ‘ఎక్సెల్’ అంటా. అమ్మ చిట్టీల పుస్తకం మాత్రం ఇప్పుడు నాకు చూపించట్లేదు, తప్పులు వెతుకుతానని.

ఆ కేసు తర్వాత నా షీట్‌లో ఒక కాలమ్ కలిపా. ‘అడ్రస్ కలిసింది’ పక్కనే ‘వెళ్లి చూశామా’ అని. అది ఖాళీగా ఉంటే ఆ వరస రిపోర్టులోకి పోదు.