ధమనిలో రెండు దీపాలు

మోకాలికి దెబ్బ తగిలి రక్తం కారితే, కాసేపటికి గడ్డకట్టి ఆగిపోతుంది. ఇది మనకు రక్ష. అదే గడ్డ గుండె కండరానికి రక్తాన్నందించే కరోనరీ ధమనిలో ఏర్పడితే? ప్రాణం మీదికి వస్తుంది!

కొవ్వు పేరుకొని ఇరుకైన ధమనిని తెరిచి ఉంచడానికి వైద్యులు స్టెంట్ అనే సన్నని జల్లెడ గొట్టాన్ని అమరుస్తారు. మనిషి గుండె ధమనిలో దీన్ని మొదట అమర్చినది 1986లో, ఫ్రాన్సులోని టూలూజ్ నగరంలో. కొన్ని వారాలకో నెలలకో ధమని లోపలి కణాలు పెరిగి స్టెంట్ తీగలను కప్పివేస్తాయి. ఈ నున్నని పొర ఉన్నచోట రక్తం గడ్డకట్టదు. పొర రాని తీగ మీద గడ్డకట్టే ప్రమాదం ఉంది. అందుకే స్టెంట్ అమర్చుకున్నవారు గడ్డను నివారించే మందులు వాడాలి. మరి తీగలు కప్పబడ్డాయో లేదో తెలిసేదెలా?

లోయలో కేక వేస్తే, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి కొండ దూరం చెప్పగలం కదా! కాంతితోనూ ఇలాగే చేయవచ్చు. కాని కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంత చిన్న వ్యవధిని ఏ గడియారం కొలుస్తుంది? అందుకని ధమని గోడనుండి తిరిగివచ్చిన పరారుణ కాంతిని, తెలిసిన దూరం పోయివచ్చిన మరో కాంతితో కలుపుతారు. అప్పుడు కలిగే వ్యతికరణాన్నిబట్టి లోతు లెక్కగడతారు. 1991లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఈ పద్ధతి పేరు ఓ.సి.టి. రక్తం కాంతిని చెదరగొడుతుంది కనుక, కొన్ని సెకన్లపాటు పారదర్శక ద్రవంతో రక్తాన్ని పక్కకు నెట్టి, సన్నని గాజు తంతువుతో చిత్రం తీస్తారు. 10 నుండి 20 మైక్రాన్ల వివరాలు కూడా కనబడతాయి.

అయితే ఇందులో ఒక చిక్కుంది. తెల్లని పొడి ఉప్పో పంచదారో దూరంనుండి చూస్తే తెలియదు. అలాగే తీగ మీది పల్చని పొర కణాలదో, గడ్డకు ఆధారమైన ఫైబ్రిన్ అనే ప్రోటీన్ పోగులదో ఓ.సి.టి. ఒక్కటే తేల్చలేదు. అది ఆకారం చూపుతుంది, పదార్థం పేరు చెప్పదు.

ఇక్కడే రెండో దీపం అవసరం. ఫైబ్రిన్‌కు మాత్రమే అతుక్కొనే ప్రత్యేకమైన రంగును రక్తంలోకి ఎక్కిస్తారు. తగిన కాంతి పడగానే ఆ రంగు, అంతకన్న ఎక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిని వెలువరిస్తుంది. అతినీలలోహిత దీపం కింద కరెన్సీ నోటులోని అంకెలు మెరవడం కూడా ఇటువంటి ప్రతిదీప్తే. కాని దీనికీ ఒక లోపముంది: ఆ మెరుపు ఏ తీగమీదిదో ఇదొక్కటే స్పష్టంగా చెప్పలేదు.

రెండింటినీ కలిపితే? 2011లో అమెరికా పరిశోధకులు ఒకే గాజు తంతువుతో రెండు పనులూ చేయించారు. తంతువు నడిమి భాగం ఓ.సి.టి. కాంతిని మోస్తుంది, చుట్టూ ఉన్న పొర ప్రతిదీప్తిని సేకరిస్తుంది. 2017లో ప్రచురితమైన పరిశోధనలో కుందేళ్ల ధమనులలోని స్టెంట్లను ఇలా పరీక్షించారు. ఓ.సి.టి. “కప్పబడింది” అన్న తీగల్లో కొన్నిటిమీద ఉన్నది నిజానికి ఫైబ్రిన్ అని తేలింది!

మనుషులకు వాడాలంటే ఆ రంగు హానిలేనిదని ముందు రుజువు కావాలి. అది సాధ్యమైతే ఎవరు మందు ఆపవచ్చో, ఎవరు ఆపకూడదో వైద్యులు మరింత ధైర్యంగా చెప్పగలరు.

మీకొక లెక్క: 10 మైక్రాన్ల దూరం దాటడానికి కాంతికి ఎంతకాలం పడుతుంది? చేసి చూడండి. గడియారం ఎందుకు చాలదో మీకే తెలుస్తుంది.