బాలిలో పనీర్ ఆపండి బాస్.. జావాలో పనసకాయ తినండి!

బాలి వెళ్లొచ్చిన ఫ్రెండ్ ఇన్‌స్టా ఒకసారి తిరగేయండి. ఊయల ఉంటుంది, జలపాతం ఉంటుంది, పూల్‌లో తేలుతున్న బ్రేక్‌ఫాస్ట్ ట్రే ఉంటుంది. ‘మరి రాత్రి ఏం తిన్నావ్ రా?’ అని అడిగితే మాత్రం ‘ఇండియన్ రెస్టారెంట్ దొరికింది, పనీర్ బటర్ మసాలా లాగించాం’ అంటాడు. నాలుగు వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి వెళ్లింది దీనికా?

నేను వెళ్లింది జావా దీవిలోని యోగ్యకర్త. అక్కడివాళ్లు ముద్దుగా జోగ్జా అంటారు. బాలి నుంచి ఫ్లైట్‌లో గంటన్నర లోపే. బొరొబుదూర్, ప్రంబనన్ కోసం అందరూ వెళ్తారు కానీ, ఒట్టి తిండి కోసం వెళ్లినా టికెట్ డబ్బులు గిట్టుబాటే.

భాష రాదని భయమా? ముందు ‘వార్తెగ్’కి వెళ్లండి. వారుంగ్ అంటే చిన్న హోటల్, తెగాల్ అంటే జావాలో ఒక ఊరు. రెండూ కలిపి వార్తెగ్. అద్దాల వెనక రకరకాల కూరలు పేర్చి ఉంటాయి. చూపించి ‘ఇని’ అంటే చాలు, ‘ఇది’ అని అర్థం. చూపుడు వేలు కాదు, కుడి బొటనవేలితో చూపిస్తే మర్యాద. మన కర్రీ పాయింట్ పద్ధతే అనుకోండి. పడాంగ్ హోటళ్లది ఇంకో స్టైల్. ఆర్డర్ ఇవ్వకముందే పది పన్నెండు చిన్న ప్లేట్లు చేతి మీద పేర్చుకొచ్చి టేబుల్ నిండా సర్దేస్తారు. తిన్నవాటికే బిల్లు. చేయి కడుక్కోడానికి గిన్నెలో నీళ్లు పెడతారు. చేత్తో కలుపుకొని తింటే ఎవరూ వింతగా చూడరు.

జోగ్జాలో అసలు హీరో గుడెగ్. లేత పనసకాయ ముక్కల్ని కొబ్బరిపాలు, బెల్లం, టేకు ఆకులతో కలిపి సన్నటి మంట మీద గంటల తరబడి ఉడికిస్తారు. ఆ ముదురు గోధుమ రంగు టేకు ఆకు పుణ్యమే. గోదావరి జిల్లాల పనసపొట్టు కూర తిన్నవాళ్లకి ఫస్ట్ ముద్దే షాక్. మనం ఆవ ఘాటు, ఎండుమిర్చి పోపు ఊహించుకుంటాం. నాలుకకి తగిలేది తీపి! సాంబార్‌లో బెల్లం పడితేనే గొడవ చేసే బ్యాచ్ కదా మనది. నాలుగో ముద్దకి అలవాటు పడ్డా. మర్నాడు పొద్దున్నే నేనే వెతుక్కుంటూ విజిలాన్ వీధికి వెళ్లా. అక్కడ వరసగా గుడెగ్ షాపులే. పక్కన ఎర్రగా, కారంగా వడ్డించే క్రెచెక్ మాత్రం పశువుల చర్మంతో చేసింది. తిననివాళ్లు ముందే వద్దని చెప్పాలి.

కారం లేనిదే ముద్ద దిగదంటారా, సంబల్ ఉంది. రాతి పళ్లెంలో మిరపకాయలు, చిన్న ఉల్లిపాయలు వేసి నూరతారు. మన రోటి పచ్చడికి కజిన్ అన్నమాట. శాకాహారులకి అసలు చిక్కు ఇక్కడే. చాలా సంబళ్లలో తెరాసి ఉంటుంది, అంటే పులియబెట్టిన రొయ్యల ముద్ద. కంటికి కనపడదు. ‘వెజిటేరియన్’ అంటే మాంసం ముక్కలు వెయ్యరు గానీ, తెరాసి చాలామంది దృష్టిలో మసాలా కిందే లెక్క. ‘తన్పా తెరాసి’.. అంటే తెరాసి లేకుండా. ఈ రెండు మాటలు ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

బెరింగార్జో మార్కెట్ ముందు ఆడవాళ్లు పెచెల్ అమ్ముతుంటారు. ఉడికించిన ఆకుకూరలు, మొలకలు, పైన పల్లీల పచ్చడి. నంజుకోడానికి పెయెక్. బియ్యప్పిండిలో పల్లీలు వేసి వేయించింది. అమ్మమ్మ చేసే చెక్కలే, కాకపోతే ఇంకా పల్చన.

నా ఓటు మాత్రం టెంపేకే. సోయా గింజలు నానబెట్టి, ఉడికించి, పొట్టు తీసి, అందులో ‘రాగి’ కలుపుతారు. మన రాగులు కాదండోయ్, పులియబెట్టే తోడును అక్కడ రాగి అంటారు. అరటాకులో చుట్టి రెండ్రోజులు వదిలేస్తే తెల్లటి బూజు అల్లుకుని గింజలన్నీ గట్టి దిమ్మలా అతుక్కుంటాయి. బూజు అనగానే ముఖం తిప్పుకోకండి, జిమ్ బ్యాచ్ అయితే అస్సలు వద్దు. 100 గ్రాముల్లో సుమారు 19 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది.

ఇంతా చేసి, జావాలో పుట్టిన టెంపేకి సోయా ఎక్కువగా అమెరికా నుంచి వస్తుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డిపెండెన్సీ ఎక్కడో ఉంటుంది, క్రాష్ అయ్యేది మన యాప్. సోయా ధర మండిపోవడంతో 2021 జనవరి మొదట్లో, మళ్లీ 2022 ఫిబ్రవరిలో జకార్తా చుట్టుపక్కల టెంపే తయారీదారులు మూడేసి రోజులు పని ఆపేశారు. మాంసం కొనలేని ఇళ్లలో రోజూ ప్లేట్లో ఉండేది ఇదే మరి. ధర పెంచితే కొనేవాళ్లు తగ్గుతారు, పెంచకపోతే నష్టం. దాంతో ముక్క సైజు తగ్గించినవాళ్లూ ఉన్నారు.

ఇది వాళ్ల గోల అనుకోవద్దు. అదే 2022లో ఏప్రిల్ 28న ఇండోనేసియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. మే 23న గానీ మళ్లీ వదల్లేదు. పామాయిల్ బాగా కొనే దేశాల్లో మనది ముందు వరసే. మన బజ్జీల బండి మూకుడుకీ, జావా పొలాలకీ లేకపోయినా సుమత్రా తోటలకి లింకుంది.

జోగ్జాలో సాయంత్రం అయితే అచ్చం మన బజ్జీల బండ్లలాంటివే వెలుస్తాయి. పిండిలో ముంచి వేయించిన టెంపే ఒక్కోటి వెయ్యి, రెండు వేల రూపియాలు. కంగారు పడకండి, మన డబ్బులో ఐదు నుంచి పన్నెండు రూపాయలు. దాంతోపాటు ఒక బుల్లి పచ్చిమిరపకాయ ఇస్తారు, కొరుక్కుంటూ తినాలి. చిన్నదే కదా అని లైట్ తీసుకోవద్దు, మీది గుంటూరైనా సరే.