పల్లెవెలుగు దిగి... విమానమెక్కి!

ఆకాశంలో గంట ప్రయాణం. దాన్ని అందుకోవడానికి నేల మీద ఒక పూట పాట్లు! కొల్లేటి ఊళ్ల నుంచి విమానం ఎక్కడానికి వెళ్లేవారి సంగతి ఇది. ఊరినీ ఎయిర్‌పోర్టునూ కలిపే ఎక్స్‌ప్రెస్ బస్సు విలువ ఏసీలో లేదు... వేళలో ఉంది.

తెల్లవారుజామున మండవల్లి మెయిన్‌రోడ్డు. చేపల లారీ ఒకటి ఐసు నీళ్లు కారుస్తూ వెళ్లిపోతుంది. టీ కొట్టు ఇంకా తెరవరు. రోడ్డు పక్కన పెద్ద సూట్‌కేసు, దాని చుట్టూ అడ్డంగా నైలాన్ తాడు, పైన మార్కర్‌తో రాసిన పేరు. పక్కనే ఆవకాయ సీసా ఉన్న సంచి. చుట్టూ అయిదారుగురు మనుషులు. వెళ్లేది ఒక్కరే, సాగనంపడానికి వచ్చింది ఇంటిల్లిపాది. కొల్లేటి సీమలో ఎవరైనా దూరదేశం బయలుదేరారంటే కనిపించే దృశ్యమే ఇది. గల్ఫ్‌కి పనికి వెళ్లేవాళ్లు, అమెరికాలో చదువుకునే పిల్లలు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు... విమానం ఇప్పుడు జమీందార్ల ముచ్చటేమీ కాదు.

చిక్కల్లా ఆ విమానం దగ్గరికి చేరడమే! ఉదయం ఎనిమిదిన్నరకు విమానం అనుకోండి. ఆరున్నరకల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. విదేశీ విమానమైతే మూడు గంటల ముందే రమ్మంటారు. తొలి పల్లెవెలుగు కోసం చూస్తే ఎక్కడ ఆలస్యమవుతుందోనని గుబులు. అందుకే ముందురోజు రాత్రే కారు మాట్లాడుకుంటారు. రాను పోను కిరాయి, డ్రైవరు భోజనం, సాగనంపేవాళ్ల టిఫిన్లు... చవక టికెట్ దొరికిందన్న సంతోషం కాస్తా దారిలోనే ఆవిరైపోతుంది.

ఊరు ఇక్కడ... దారులు ఎన్నో!

మండవల్లి ఉన్నది పామర్రు నుంచి గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు, భీమవరం మీదుగా పాలకొల్లు వెళ్లే 165వ నంబరు జాతీయ రహదారి మీద. రైల్వే స్టేషనూ ఉంది. గుడివాడ-భీమవరం లైనులో వెళ్లే బండ్లు ఈ ఊరి మీదుగానే పోతాయి. బస్సుంది, రైలుంది, మరి లోటేమిటి? గుడివాడ మీదుగా విజయవాడ వెళ్లే ఆ రైలుమార్గం గన్నవరం వైపు రాదు. గన్నవరం స్టేషన్ ఉన్నది ఏలూరు నుంచి విజయవాడ వెళ్లే మెయిన్‌లైనులో.

ఇక రోడ్డు. ఒక దారి గుడివాడ వెళ్లి, అక్కడి నుంచి హనుమాన్ జంక్షన్‌కు, మళ్లీ అక్కడ 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని గన్నవరానికి. రెండోది కైకలూరు నుంచి కొల్లేరును చీల్చుకుంటూ ఏలూరుకు, అక్కడి నుంచి హైవే మీద గన్నవరానికి. ఎటు వెళ్లినా చాలాసార్లు బస్సు మారాల్సి వస్తుంది. ఇరవై కిలోల పెట్టెతో, చంకలో పిల్లాడితో బస్సు మారడమంటే ఏమిటో మారినవాళ్లకే తెలుసు.

కృష్ణా జిల్లాలో ఉన్నన్నాళ్లూ మండవల్లి వాళ్లకు జిల్లా కేంద్రమంటే బందరే. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో కైకలూరు, కలిదిండి, ముదినేపల్లితో పాటు మండవల్లి కూడా ఏలూరు జిల్లాలో చేరింది. కలెక్టరాఫీసు పనికి చూపు ఏలూరు వైపు తిరిగింది. విమానం ఎక్కాలంటే మాత్రం చూపు ఎప్పటిలాగే గన్నవరం వైపే!

రెండు రన్‌వేలు... రెండు రాతలు

గన్నవరం విమానాశ్రయం రెండో ప్రపంచ యుద్ధం నాటిది. సైనిక అవసరాలకు వేసిన రన్‌వే అది. అలాంటిదే తాడేపల్లిగూడెంలోనూ ఒకటుంది. ఒకే యుద్ధం, ఒకే తెల్లదొరల ప్రభుత్వం. కానీ గన్నవరం ఎగిరింది, గూడెం నేల మీదే ఉండిపోయింది. అక్కడ మళ్లీ విమానాలు దింపాలన్న మాట అడపాదడపా వినిపిస్తూనే ఉంటుంది. 2015లో గూడెంలో నిట్ మొదలయ్యాక దేశం నలుమూలల నుంచి విద్యార్థులు వస్తున్నారు. రన్‌వే ఉన్న ఊళ్లో చదువుకుంటూ విమానం కోసం గన్నవరమో, రాజమండ్రి దగ్గరి మధురపూడో వెళ్లడం వాళ్ల వంతు.

గన్నవరం దశ నెమ్మదిగా తిరిగింది. 2017 జనవరిలో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. అదే ఏడాది అంతర్జాతీయ హోదా దక్కింది. 2018 డిసెంబరులో సింగపూర్‌కు విమానం మొదలై మరుసటి ఏడాదే ఆగిపోయింది. 2022 అక్టోబరు చివర్లో షార్జాకు నేరుగా విమానం వచ్చింది. గల్ఫ్ దారి అప్పటిదాకా ఎక్కువగా హైదరాబాద్ మీదుగానో, చెన్నై మీదుగానో సాగేది. ఈ ప్రాంతం నుంచి పనికి వెళ్లేవారికి అది ఎంత మార్పో వేరే చెప్పక్కర్లేదు.

పుష్పకం నేర్పిన పాఠం

విమానాశ్రయం ఊరికి దూరమైనప్పుడు బస్సు విలువ తెలుస్తుంది. హైదరాబాద్‌కు ఆ సంగతి 2008 మార్చిలో తెలిసింది. నగరం నడుమ ఉన్న బేగంపేట మూతపడి ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు తరలాయి. పాతిక, ముప్ఫై కిలోమీటర్ల దూరానికి ట్యాక్సీ ఛార్జీ చూసి జనం గుండెలు బాదుకున్నారు. ఆ దూరాన్ని సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చినవి బస్సులే. ఆర్టీసీ వాటికి పెట్టిన పేరు 'పుష్పక్'. రాముడు అయోధ్యకు తిరిగొచ్చింది పుష్పక విమానంలో కదా! బస్సుకు విమానం పేరు భలే కుదిరింది. 2019 మార్చిలో ఈ దారిలోకి ఎలక్ట్రిక్ ఏసీ బస్సులు కూడా వచ్చాయి. కోనసీమ నుంచో కొల్లేటి నుంచో రాత్రి బస్సులో హైదరాబాద్ చేరినవాళ్లు ఎల్బీనగర్‌లోనో, మరోచోటో దిగి పుష్పక్ ఎక్కడం అలవాటైపోయింది.

ఒక ఊరి నుంచి మరో ఊరి విమానాశ్రయానికి నేరుగా వెళ్లే బస్సు ఎలా ఉంటుందో చూడాలంటే మైసూరు వెళ్లాలి. అక్కడి నుంచి సుమారు 180 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు విమానాశ్రయానికి కర్ణాటక ఆర్టీసీ 'ఫ్లైబస్' నడుపుతోంది. బెంగళూరు బస్టాండులో దిగి, పెట్టెలు మోసుకుంటూ మరో బస్సు వెతుక్కునే పని లేదు. మైసూరులో ఎక్కితే టెర్మినల్ దగ్గరే దిగడం!

ఈ రెండూ చెప్పే పాఠం ఒకటే. ఎయిర్‌పోర్టు బస్సు అంటే మెత్తటి సీట్లున్న బస్సు కాదు. మామూలు బస్సు జనాన్ని చూసి కదులుతుంది. ఎయిర్‌పోర్టు బస్సు గడియారాన్ని చూసి కదలాలి. సీట్లు నిండలేదని ఆగితే లోపల కూర్చున్నవాడి గుండె ఆగుతుంది. పెద్ద పెట్టెలు పట్టే డిక్కీ కావాలి. అర్ధరాత్రి దిగినవాళ్లకు తెల్లవారేదాకా కుర్చీలే గతి కాకుండా, ఆ వేళలోనూ ఒక బస్సు ఉండాలి. హైవే మీద దించేసి పోతే చాలదు. రోడ్డు మీద దిగిన మనిషికి టెర్మినల్ గుమ్మం ఇంకా దూరమే!

ఆగితే ఆలస్యం... ఆగకపోతే?

ఎక్స్‌ప్రెస్ అంటేనే తక్కువచోట్ల ఆగేది. కొల్లేటి ఊళ్లకు తంటా అక్కడే. హనుమాన్ జంక్షన్‌నే తీసుకోండి. గుడివాడ, నూజివీడు, ఏలూరు, విజయవాడ దారులు కలిసే కూడలి. జంక్షన్‌కు ఇప్పుడు బైపాస్ వచ్చింది. ఏలూరు నుంచి విజయవాడ దూసుకుపోయేవారికి హాయే. కానీ బైపాస్ ఎక్కిన బస్సు ఊళ్లోకి రాదు. గుడివాడ వైపు నుంచి వచ్చి అక్కడ నిలబడినవాడికి ఆ బస్సు ఎంత వేగంగా వెళ్తే ఏమిటి? వేగం లోపల కూర్చున్నవాడిది. బయట నిల్చున్నవాడికి కావాల్సింది బ్రేకు!

ఖర్చు సంగతి మరోటి. 2025 ఆగస్టు 15న మొదలైన 'స్త్రీ శక్తి' పథకంతో రాష్ట్రంలో మహిళలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఛార్జీ లేకుండా తిరుగుతున్నారు. నాన్‌స్టాప్, ఏసీ సర్వీసులకు అది వర్తించదు. ఇళ్లలో పనికి కువైట్ వెళ్లే గోదావరి జిల్లాల మహిళ ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుంటే ఛార్జీ సున్నా. అదే దారిలో ఏసీ కోచ్ ఎక్కితే పూర్తి డబ్బు. విమానాశ్రయానికి వేసే బస్సు ఏ తరగతిదన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఏజెంటుకు అప్పు చేసి కట్టిన మనిషికి అది చిన్నది కాదు.

బుడమేరు అడ్డొస్తే...

ఈ ప్రాంతంలో బస్సు వేళలు మనుషుల చేతిలోనే ఉండవు. మైలవరం కొండల వైపు నుంచి వచ్చే బుడమేరు విజయవాడను ఒరుసుకుని, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కిందుగా దాటి, గన్నవరం మండలం మీదుగా కొల్లేరులో కలుస్తుంది. అంటే ఎయిర్‌పోర్టు పక్క నుంచి మండవల్లి వైపు ఏ టికెట్టూ లేకుండా వచ్చేది ఆ నీరొక్కటే!

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీరే తర్వాత కొల్లేటి లంకలను చుట్టుముట్టింది. మండవల్లి మండలంలోని పెదఎడ్లగాడి వంతెన దగ్గర నీటిమట్టం ఎంతుందన్నదే అప్పుడు అందరి ప్రశ్న. చినఎడ్లగాడి దగ్గర రోడ్డు మీదికి నీళ్లొచ్చి ఏలూరు-కైకలూరు మధ్య రాకపోకలు ఆగిపోయాయి. పెనుమాకలంక, ఇంగిలిపాకలంక లాంటి ఊళ్లవాళ్లకు పడవలే దిక్కయ్యాయి. కొల్లేరు అభయారణ్యం, పైగా 2002 నుంచి రామ్‌సర్ చిత్తడినేల. ఇక్కడ రోడ్డు ఎత్తు పెంచాలన్నా నీటి దారి చూసుకునే కట్టాలి. లేకపోతే రోడ్డే ఆనకట్టవుతుంది. అందుకే ఏలూరు దారి ఒక్కటే నమ్ముకుంటే కుదరదు. గుడివాడ దారిలోనూ విమానం వేళకు అందే బస్సు ఉండాలి.

కొల్లేటికి ఏటా గూడబాతులు వస్తాయి. ఆటపాక చెరువుల్లో గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి ఎగిరిపోతాయి. వాటికి బస్సు అక్కర్లేదు, లగేజీ లేదు, చెక్‌ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారన్న భయమూ లేదు. రెక్కలున్నాయి కాబట్టి సరిపోయింది. మండవల్లి రోడ్డు మీద తాడు కట్టిన సూట్‌కేసు పక్కన నిలబడిన మనిషికి ఆ రెక్కలు లేవు. వేళకు వచ్చి, చెయ్యెత్తితే ఆగి, గుమ్మం దాకా తీసుకెళ్లే బస్సే అతని రెక్కలు. సాగనంపే తల్లి కూడా అప్పుడు గన్నవరం దాకా రానక్కర్లేదు. ఊళ్లోనే చెయ్యూపి, టీ కొట్టు తెరిచేలోగా ఇంటికి చేరుతుంది.