పెద్దల మతిమరుపు – కన్యస్త్రీలు నేర్పిన పాఠము

తలపండిన తల్లి అడిగినదే మళ్లీ అడిగితే "చాదస్తం" అని విసుక్కొనేవారు మన సంఘాల్లో ఉన్నారు. దయ్యం పట్టిందనేవారూ లేకపోలేదు. ప్రార్థన మానవద్దు. అయితే అది మెదడుకు వచ్చిన జబ్బు కావచ్చునని కూడా తెలిసికొందాము.

అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయంలో శాండర్స్-బ్రౌన్ వృద్ధాప్య పరిశోధనా కేంద్రము 1979లో ప్రారంభమైనది. వేయించిన కోడిమాంసపు వ్యాపారంతో పేరుపొందిన కర్నల్ శాండర్స్ పేరును, ఆ వ్యాపారాన్ని ఆయన వద్ద కొన్న బ్రౌన్ కుటుంబపు పేరును కలిపి దానికి పెట్టారు. మొదటి డైరెక్టరు డాక్టర్ విలియం మార్క్స్‌బరీ 2010లో కన్నుమూసేవరకు దానిని నడిపించారు.

డాక్టర్ డేవిడ్ స్నోడన్ 1986లో మిన్నెసోటాలో మొదలుపెట్టిన ఒక పరిశోధనను 1990లో ఈ కేంద్రానికి తెచ్చారు. 75 నుండి 102 ఏండ్ల వయస్సుగల 678 మంది కన్యస్త్రీలు అందులో చేరారు. ఏటేటా జ్ఞాపకశక్తి పరీక్షలకు, మరణానంతరం మెదడు దానానికి వారు సమ్మతించారు. వారందరిదీ ఇంచుమించు ఒకే తిండి, ఒకే జీవితము. కాబట్టి ఒకరికి జబ్బు వచ్చి మరొకరికి ఎందుకు రాలేదో పోల్చి చూడడం సులువైంది.

మఠంలో చేరిన యౌవనకాలంలో వారు వ్రాసిన స్వీయచరిత్రలు భద్రంగా ఉన్నాయి. భావాలు నిండుగా వ్రాసినవారిలో ఆల్జీమర్స్ వ్యాధి తక్కువగా కనిపించింది. అయితే ఇది పోలిక మాత్రమే. చక్కగా వ్రాసినందువల్లనే జబ్బు రాలేదని రుజువు కాలేదు. 101 ఏండ్లు బ్రతికిన ఒక సిస్టరు చివరి వరకు పరీక్షల్లో చక్కగా జవాబులిచ్చారు. మరణించిన తరువాత చూస్తే ఆమె మెదడు నిండా వ్యాధి గుర్తులే! తరువాత ఈ పరిశోధన తిరిగి మిన్నెసోటాకు చేరింది.

బడిపిల్లలకు పాఠాలు చెప్పిన ఆ స్త్రీలు చనిపోయిన తరువాత కూడా లోకానికి పాఠం చెప్పారు. ఎనుబది నాలుగేండ్ల ప్రవక్త్రియైన అన్నను దేవాలయం భారమనుకోలేదు. మనమేమి చేస్తున్నాము? పెద్దలకు మరపు ఎక్కువైతే సిగ్గుపడి దాచక డాక్టరుకు చూపించండి. అట్టివారికి రాత్రింబగళ్లు సేవచేసే కోడలు ఎన్ని ఆదివారాలుగా ఆరాధనకు రాలేదో గమనించండి. స్త్రీల సమాజంవారు వంతులవారీగా వెళ్లి రెండు గంటలు ఆ పెద్దల ప్రక్కన కూర్చుంటే ఆమె గుడికి రాగలదు.

ఆ తల్లి మన పేర్లు మరచిపోవచ్చు. ఆమె పేరు దేవుడు మరువడు, సంఘమూ మరువకూడదు.