ముఠా కథల్లో న్యాయం

వెలుగోడు, ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతాల్లో 'ఫ్యాక్షన్' అన్న ఆంగ్లపదానికి అర్థం తెలుసుకోవడానికి ఎవరూ నిఘంటువు తెరవనవసరం లేదు. అక్షరం రాని వృద్ధులు కూడ ఆ మాటను ఇంటిమాటలాగే పలుకుతారు. ఒక ఊరు, ఊరిలో రెండు వర్గాలు, వాటికి ఇద్దరు నాయకులు, వారి నడుమ తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించే పగ - ఇంత అర్థం ఆ చిన్న మాటలో ఇమిడి ఉంది. నేటి విద్యార్థులకు అదే మాట మరొక దారిలోనూ పరిచయమవుతున్నది. కంప్యూటర్ మీద, సెల్‌ఫోన్ మీద ఆడే కాల్పనిక సాహస క్రీడల్లో రాజ్యాలూ, రహస్య సంఘాలూ, దొంగల ముఠాలూ ఉంటాయి. వాటిని కూడ ఫ్యాక్షన్లు అనే అంటారు. ఆటగాడు వాటిలో ఒకదానిలో చేరి, దాని శత్రువులను తన శత్రువులుగా భావించి, వారిని హతమార్చుతూ ముందుకు సాగుతాడు.

ఒకటి నెత్తురు చిందిన చరిత్ర, మరొకటి తీరిక వేళల వినోదం. ఈ రెండింటికీ పొంతన ఏమిటని ఎవరైనా అడగవచ్చు. పొంతన కథ చెప్పే తీరులో ఉంది. ముఠా కథ ఏదైనా వినేవారిని ముందుగా ఒక ఇంటి ముంగిట నిలబెడుతుంది. ఆ ఇంటికి జరిగిన అన్యాయాన్ని చూపుతుంది. ఆ తరువాత ఆ ఇంటివారు కొట్టే తొలి దెబ్బ న్యాయమైనదిగానే కనబడుతుంది. అసలు చిక్కు అక్కడినుంచే మొదలవుతుంది.

2011లో అమెరికాకు చెందిన బెథెస్డా సంస్థ విడుదల చేసిన 'స్కైరిమ్' అనే ఆటను ఇందుకు ఉదాహరణగా చెప్పుకోవచ్చు. మంచుకొండల నడుమ ఒక కల్పిత దేశం. ఒకవైపు సామ్రాజ్య సైన్యం, ఇంకొకవైపు తిరుగుబాటుదారులు. కథారంభంలోనే ఆటగాణ్ణి బందీగా వధ్యస్థలానికి తెస్తారు. మరణశిక్ష పడినవారి జాబితాలో అతని పేరు లేదు. ఆ సంగతి ఒక సైనికుడు విన్నవించినా పై అధికారిణి లెక్కచేయక, అతని తల కూడ నరకమంటుంది. ఇంతటి అన్యాయాన్ని అనుభవించినవాని మనస్సు తిరుగుబాటుదారుల వైపు మొగ్గడం సహజం. తీరా వారి నగరంలో అడుగుపెడితే, ఇల్లూవాకిలీ కోల్పోయి శరణు కోరి వచ్చిన వేరొక జాతివారు అక్కడి ఇరుకువాడలో అవమానాలు దిగమింగుతూ కనిపిస్తారు. ఏ పక్షం న్యాయమైనదో ఆట తేల్చి చెప్పదు.

అదే ఆటలో కిరాయి హంతకుల ముఠా ఒకటి ఉంది. దానిలోకి దారి ఒక అనాథ బాలుని మొరతో మొదలవుతుంది. అనాథాశ్రమాన్ని నడిపే వృద్ధురాలు పిల్లలను చిత్రహింసలు పెడుతున్నదని, ఆమెను చంపి వారిని కాపాడమని ఆ బాలుడు వేడుకొంటాడు. ఆమె క్రూరురాలన్న మాట నిజమే. ఆమె నేలకూలగానే పిల్లలు కేరింతలు కొడతారు. తాను చేసింది ధర్మమేనని ఆటగాడు తృప్తిపడతాడు. ఒకనాడు నిద్రనుంచి మేల్కొనేసరికి అతడు ఒక పాడుబడిన గుడిసెలో ఉంటాడు. ఎదురుగా ముఖాలకు ముసుగులు వేసి, చేతులు కట్టి కూర్చోబెట్టిన ముగ్గురు మనుషులు. వీరిలో ఒకరిని చంపడానికి బేరం కుదిరిందనీ, ఆ ఒక్కరెవరో ఊహించి చంపమనీ ముఠా నాయకురాలు ఆజ్ఞాపిస్తుంది. ఆటగాడు ముగ్గురినీ ప్రశ్నించి, తర్కించి, ఒకరిని ఎంచుకొంటాడు. విచిత్రమేమంటే, ఎవరిని చంపినా ఆమె మెచ్చుకొంటుంది. సరైన సమాధానం అంటూ అక్కడ లేనేలేదు. ఎదురుచెప్పకుండా చంపగలడా లేదా అన్నదే పరీక్ష. బందీలను వదలి ఆ నాయకురాలినే ఎదిరించే వీలు కూడ ఆ గుడిసెలో ఉంది. ఆ వీలున్నదని మాత్రం ఎవరూ చెప్పరు.

క్రూరురాలైన ముసలిదాని చావుకూ, ముసుగు మనిషి చావుకూ నడుమ ఉన్నది ఒక్క అడుగే. మొదటిది న్యాయమన్న పేరుతో జరిగింది. రెండవదానికి ఆ పేరు కూడ అక్కరలేకపోయింది. ముఠా స్వభావాన్ని ఇంత సూటిగా చూపిన సన్నివేశాలు తెలుగు చలనచిత్రాల్లో తక్కువేనని ఒప్పుకోవాలి.

రాయలసీమ ముఠాల పుట్టుకకు మూలాలు పాలెగాళ్ల కాలంలో ఉన్నాయని చరిత్రకారులలో పలువురు భావిస్తారు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించినపుడు ఇక్కడ సుమారు 80 మంది పాలెగాళ్లుండేవారు. ఒక్కొక్కరికి కోట, సాయుధ బలగం, శిస్తు వసూలు చేసుకొనే అధికారం ఉండేవి. 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో వారి అధికారాన్ని అణచివేసి, కొందరికి భరణాలు ఏర్పరచాడు. కోటలు కూలినా, ఊరి తగవు ఊరి బలవంతుడే తీర్చాలన్న అలవాటు చావలేదు. వానలు పడని నేల, తరగని అప్పులు, దూరాన ఉన్న కోర్టులు ఆ అలవాటును మరింత పెంచాయి. ఆ తరువాతి కాలంలో ఎన్నికలు, గుత్తపనులు, సారా వేలంపాటలు వచ్చి పాత పగలకు కొత్త లాభాలను జతచేశాయి.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. కోయిలకుంట్ల ఖజానాపై 1846లో దాడిచేసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కూడ పాలెగాళ్ల వంశంవాడే గదా! ఈనాములు కోల్పోయిన కట్టుబడి బంట్లు ఆయన వెంట నడిచారు. కంపెనీ దృష్టిలో ఆయన నేరస్థుడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీసి, తలను 1877 వరకు కోట గుమ్మానికి వేలాడదీశారు. రేనాటి ప్రజలు మాత్రం ఆయనను వీరునిగా పాటల్లో నిలుపుకొన్నారు. అదే ఆయుధం, అవే అనుచర గణాలు. మరి తేడా ఎక్కడ? నరసింహారెడ్డి కత్తి తనకన్న ఎన్నో రెట్లు బలమైన ప్రభుత్వంపైకి లేచింది. ముఠా నాయకుని కత్తి ఎదురువీధి రైతు కొడుకుపైకి లేస్తుంది. ఈ రెండింటికీ ఒకే పాట పాడటం తగదు.

అయితే తెలుగు సినిమా కొన్నేళ్లపాటు ఆ పాటనే పాడింది. 1997లో వచ్చిన 'ప్రేమించుకుందాం రా' కర్నూలు ముఠాకక్షలను ప్రేమకథకు నేపథ్యంగా వాడుకొన్నది. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర' వరుసగా ఘనవిజయాలు సాధించాయి. తొడగొట్టే నాయకుడు, గాలిలోకి ఎగిరే సుమోలు, వేటకొడవళ్లు సీమకు చిహ్నాలైపోయాయి. (నిజానికి సీమ రైతు ఎక్కువగా ఎదురుచూచింది సుమో కోసం కాదు, మేఘం కోసం.) 1928లో ఇదే నంద్యాలలో జరిగిన సభలో 'దత్త మండలాలు' అనే బానిస పేరును తొలగించి 'రాయలసీమ' అనే గౌరవనామాన్ని స్వీకరించారు. ఏడు దశాబ్దాల తరువాత ఆ గౌరవనామం వినగానే పరాయి ప్రాంతాలవారికి నాటుబాంబు గుర్తుకురావడం విషాదం.

ఈ చిత్రాలన్నిటినీ ఒకే గాటన కట్టడం కూడ న్యాయం కాదు. 'సమరసింహారెడ్డి'లో నాయకుడు తన చేతిలో ప్రాణం పోగొట్టుకొన్న ఒక పేదవాని కుటుంబానికి మారుపేరుతో అండగా నిలుస్తాడు. చంపినవాడు చచ్చినవాని ఇంటికి సేవచేయడం సామాన్యమైన ఊహ కాదు. కాని ప్రేక్షకులు ఈలలు వేసింది ఆ సేవకు కాదు, తొడ చరుపుకు. 'నరసింహనాయుడు'లో ఊరి రక్షణకు ఇంటికొక మగపిల్లవాణ్ణి అప్పగించాలన్న నియమం ఉంటుంది. కథ దానిని మహాత్యాగంగా కీర్తిస్తుంది. అప్పగింపబడిన పసివాణ్ణి మాత్రం నీకిది ఇష్టమేనా అని ఎవరూ అడగరు. ఎవరి పొలానికో, ఎవరి పదవికో కాపలాగా పెరిగిన ఆ పిల్లవాడు పెద్దయి ఒక పోరాట దృశ్యంలో కుప్పకూలుతాడు. అతని పేరు కూడ ప్రేక్షకునికి తెలియదు.

నిజజీవితంలో ముఠాలు బలిగొన్నది ఎక్కువగా ఇటువంటి పేరులేనివారినే. నాయకులకు కాపలాదారులుంటారు, జీపు వెనుక కూర్చున్న కూలివానికి ఎవరుంటారు? అతడు చనిపోతే భార్య పుట్టింటికి చేరుతుంది, లేదా పిల్లలతో వలసపోతుంది. అతడు చంపితే ఏళ్లతరబడి వాయిదాలకు తిరుగుతూ ఉన్న ఎకరా అమ్ముకొంటాడు. కళ్లారా చూచినవారు కోర్టులో చూడలేదంటారు. చివరకు ఇరుపక్షాల పెద్దలు రాజీపడి ఒకే పందిట్లో భోజనం చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆ రాజీలో కూలివాని భార్యకు చోటుండదు. గడచిన రెండు దశాబ్దాల్లో ముఠా హత్యలు బాగా తగ్గుముఖం పట్టాయి. చదువులు, వలసలు, పోలీసుల నిఘా, జనంలో పుట్టిన విసుగు ఇందుకు కారణాలుగా చెబుతారు.

'ఇంద్ర'లో సీమకు నీరు రావడం కోసం కథానాయకుడు సర్వస్వాన్నీ వదులుకొని కాశీలో అజ్ఞాతంగా బతుకుతాడు. వెలుగోడు జలాశయానికి నీరు అలా రాలేదు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు మీదుగా, బనకచెర్ల మీదుగా కాలువలు తవ్వి, తెలుగుగంగ పథకం కింద దాదాపు 17 టి.ఎం.సి.ల నీటిని నల్లమల పాదాల చెంత నిలిపారు. దాని వెనుక ఉన్నవి ఎందరో కూలీల చెమట, ఇంజనీర్ల లెక్కలు, భూములు వదులుకొన్న రైతుల కష్టం. అందులో తొడ చరిచిన దృశ్యం లేదు గనుక సినిమాకు అది కథ కాలేదు.

ముఠా కథ తెలుగువారికి కొత్త కాదు. పన్నెండవ శతాబ్ది నాటి పల్నాటి పోరును వీరవిద్యావంతులు తరతరాలుగా గానం చేస్తున్నారు. అక్కడ కూడ ఒక ఆటే నిప్పురవ్వ అయింది. కోడిపందెంలో ఓడినవారు రాజ్యం విడిచిపోయారు. సంధికి వచ్చిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. కారెంపూడి రణభూమిలో రెండు పక్షాల యువకులూ నేలకొరిగారు. కథ చివర బ్రహ్మనాయుడు రాజ్యాన్ని నలగామరాజుకే విడిచి వెళ్లిపోతాడు. అంత నెత్తురు చిందించి సాధించినది ఏమిటన్న ప్రశ్నను ఆ గానం వినేవారి ముందు అలాగే వదలివేస్తుంది.

భారత భాగవతాల్లో ఈ ప్రశ్న మరింత లోతుగా వినిపిస్తుంది. నిద్రిస్తున్న తన కుమారులను వధించిన అశ్వత్థామను అర్జునుడు బంధించి ద్రౌపది ఎదుట నిలుపుతాడు. ముఠా ధర్మం ప్రకారం అది తల నరకవలసిన ఘడియ. భీముడు కూడ అదే కోరతాడు. కాని పోతన భాగవతంలో ద్రౌపది తలపు శత్రువు ఇంటి గడప దాకా వెళ్లింది. కొడుకులు పోయి తాను ఏడుస్తున్నట్లే, ఇతని తల్లి కృపి కూడ ఏడవవలసి వస్తుంది గదా అన్నది ఆమె వాదం. అశ్వత్థామకు శిక్ష తప్పలేదు. శిరోమణిని పెరికి, తల గొరిగి అతణ్ణి వెళ్లగొట్టారు. శిక్ష పడింది, పగ ఆగింది. ముఠా కథల్లో కెమెరా ఎన్నడూ వెళ్లని చోటికి, అంటే ఎదుటివాని తల్లి దగ్గరికి ఆమె వెళ్లింది.

ఇటీవలి చిత్రాలు కొన్ని ఈ దారిలో అడుగులు వేశాయి. 2010లో వచ్చిన 'మర్యాద రామన్న'లో పగవాని కొడుకును గడపలోపల చంపరాదన్న కట్టుబాటు చుట్టూ హాస్యం అల్లారు. గడప లోపల అతిథి, గడప దాటితే శత్రువు! మనిషి మారలేదు, మారింది రెండడుగుల స్థలం మాత్రమే. నవ్విస్తూనే ఆ కథ పగ ఎంత అర్థరహితమైనదో బయటపెట్టింది. 2018 నాటి 'అరవింద సమేత వీర రాఘవ'లో నాయకుడు కత్తిని పక్కనపెట్టి మాటతో పగను ఆపాలని ప్రయత్నిస్తాడు. అయినా పోరాటాలు లేకుండా ఆ చిత్రం నడవలేదు. టిక్కెట్టు కొన్నవాడు ఏమి కోరుకొంటాడన్న లెక్క కథకుని ధర్మచింతనకు అడ్డుపడిందేమో.

సమరసింహుడు, నరసింహుడు అంటూ సింహం చేరిన పేర్లు ఈ కథానాయకులకు ఊరికే రాలేదు. ఆళ్లగడ్డకు చేరువలో, నల్లమల అడవి నడుమ అహోబిల క్షేత్రం ఉంది. హిరణ్యకశిపుని వధ జరిగిన చోటు ఇదేనని భక్తుల విశ్వాసం. సినిమా ఆ కథలోనుంచి గోళ్లను, గర్జనను తీసుకొన్నది. మిగిలిన భాగాన్ని వదలివేసింది. హిరణ్యకశిపుడు పొందిన వరంలోని ప్రతి షరతునూ మన్నించి, పగలూ రాత్రీ కాని వేళ, లోపలా బయటా కాని గడపమీద స్వామి అతణ్ణి సంహరించాడు. అయినా కథ అక్కడ ముగియదు. వధ పూర్తయినా కోపం చల్లారలేదు. దేవతలు దగ్గరికి పోలేక నిలిచిపోయారు. లక్ష్మీదేవి సైతం వెనుకాడింది. చివరకు చచ్చినవాని కొడుకే ముందుకు నడిచాడు. వరం కోరుకొమ్మన్నప్పుడు ప్రహ్లాదుడు తన తండ్రి పాపాన్ని మన్నించమని అడిగాడు.

ఎగువ అహోబిలం నుంచి కొండదారిలో నడిచే యాత్రికులకు జ్వాలా నరసింహుని సన్నిధి, ఆ చెంతనే స్వామి నెత్తుటి చేతులు కడుగుకొన్నాడని చెప్పే రక్తకుండం కనిపిస్తాయి. అదే కొండల్లో ప్రహ్లాదుని బడి అని పిలిచే చిన్న గుహ కూడ ఉంది. అక్కడిదాకా వెళ్లినవారికి దాని రాతిగోడల మీద గజిబిజి గీతలు కనిపిస్తాయి. అవి ఆ బాలుడు దిద్దిన అక్షరాలని స్థానికులు చెబుతారు.