ట్యూబు తీసేస్తే మళ్లీ తల్లి కాలేరా?

1883లో బర్మింగ్‌హామ్ సర్జన్ లాసన్ టెయిట్, పగిలిన ఫాలోపియన్ ట్యూబును తొలగించి ఓ గర్భిణి ప్రాణం నిలిపారు. అంతకుముందు ఇలాంటి స్థితిలో చాలామంది లోపలి రక్తస్రావంతో చనిపోయేవారు.

ట్యూబు అలా పగలడానికి కారణం ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ, అంటే పిండం గర్భసంచిలో కాక మరోచోట కుదురుకోవడం. 90 శాతానికి పైగా కేసుల్లో ఆ చోటు ట్యూబే. త్వరగా బయటపడితే కొందరికి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ సరిపోతుంది. లేదంటే చాలావరకు ఆపరేషన్ అవసరమవుతుంది.

అందులో రెండు పద్ధతులున్నాయి. ట్యూబును పూర్తిగా తీసేస్తే సాల్పింజెక్టమీ. చిన్న గాటు పెట్టి గర్భాన్ని మాత్రమే తొలగిస్తే సాల్పింగోటమీ. రెండూ లాపరోస్కోపీతో చేయొచ్చు.

ట్యూబు మిగిలితే మళ్లీ గర్భం వచ్చే అవకాశం బాగా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. 2014లో ‘లాన్సెట్’ ప్రచురించిన అధ్యయనం దాన్ని బలపరచలేదు. రెండో ట్యూబు ఆరోగ్యంగా ఉన్న 446 మందిని పరిశీలిస్తే, మూడేళ్లలో సహజంగా గర్భం నిలిచినవారు ట్యూబు ఉంచినవారిలో దాదాపు 61 శాతం, తీసేసినవారిలో 56 శాతం. గణాంకాల లెక్కలో అది చెప్పుకోదగ్గ తేడా కాదు. పైగా ట్యూబు ఉంచినవారిలో 7 శాతం మందికి గర్భకణాలు లోపలే మిగిలిపోయాయి. తీసేసినవారిలో 1 శాతం లోపే.

అందుకే రెండో ట్యూబు బాగుంటే, డాక్టర్లు సాధారణంగా తొలగింపు వైపే మొగ్గుతారు.

రెండో ట్యూబు ముందే పాడై ఉంటే మాత్రం, వీలైనంతవరకు ఉన్నదాన్ని కాపాడాలని చూస్తారు. రెండూ లేకపోయినా ఐవీఎఫ్‌కు ట్యూబులతో పనిలేదు. ఒకసారి ఇలా జరిగినవారికి మళ్లీ జరిగే ముప్పు కొంత ఎక్కువ కాబట్టి, తర్వాత నెల తప్పగానే డాక్టరును కలిసి, ఆరో వారం దగ్గర్లో స్కాన్ చేయించుకోవాలి.