తలుపు దగ్గరి చెవి

బతుకమ్మ పండక్కి మానుకోటలో అమ్మకు చీరలు కొని బయటికొస్తుంటే దుకాణం గేటు కుయ్యిమని మోగింది. అందరి తలలూ ఇటే తిరిగాయి. చేతిలో బిల్లున్నా అమ్మ ముఖం పాలిపోయింది. ఒక చీరకున్న ప్లాస్టిక్ బిళ్ళ తీయడం కౌంటర్లో మరిచారు, అంతే. "మీ తప్పేం లేదమ్మా, మేమే మర్చిపోయినం" అంటూ కౌంటరు అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

పాత కిరాణా కొట్టుకు ఇలాంటి గేటుతో పనిలేదు. సామానంతా సేటు వెనకే ఉంటుంది, అడిగితే తూచి ఇస్తాడు. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ 'పిగ్లీ విగ్లీ' తెరిచి, కొనేవాళ్లను అరల మధ్యకే వదిలాడు. వాళ్ల చేతులు సామాను మీదికి వెళ్లాయి, కాపలా చూపు వాళ్ల మీదికి వచ్చింది. కట్టిన బట్టను బట్టి, మాటతీరును బట్టి మనిషిని అనుమానించే చూపు అది.

1960లలో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో రాన్ అస్సాఫ్ అనే దుకాణం మేనేజరు, వైన్ సీసాలు ఎత్తుకుపోతున్న దొంగ వెంటపడి పట్టుకోలేకపోయాడు. ఆ ఉక్రోషమే తర్వాత ఇలాంటి బిళ్ళలు, గేట్లు చేసే సెన్సార్‌మాటిక్ కంపెనీ అయింది. అదే కాలంలో న్యూయార్క్‌లో ఆర్థర్ మినసీ కూడా ఇలాంటి బిళ్ళే తయారుచేశాడు.

ఇప్పుడు ఎక్కువగా వాడే ఒక రకం బిళ్ళ లోపల చూస్తే నాకు ముచ్చటేసింది. మన పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకును కాల్చి, మెత్తబరిచి, సుత్తితో మలుస్తారు. బిళ్ళలో ఉండే లోహపు రేకుది వేరే పుట్టుక. కరిగిన లోహాన్ని సెకనుకు దాదాపు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లారుస్తారు. పరమాణువులు వరుసకట్టే లోపే, గాజులో లాగా ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. అలాంటి రేకు అయస్కాంత క్షేత్రంలో సాగుతుంది, ముడుచుకుంటుంది. గేటు సెకనుకు 58,000 సార్లు ఊగే క్షేత్రాన్ని ఒక్క క్షణం పంపి ఆపేస్తుంది. కొట్టి వదిలాక గుడిగంట ఖంగుమంటూనే ఉన్నట్టు, రేకు ఇంకా కంపిస్తూనే ఉంటుంది. గేటు చెవొగ్గి వినేది ఆ మిగిలిన కంపనాన్నే. మన చెవికైతే సెకనుకు 20,000 కంపనాలు దాటితే వినపడదు.

రేకు పక్కనే సన్నని అయస్కాంతపు పట్టీ ఒకటి ఉంటుంది, శ్రుతి నిలిపేది అదే. సబ్బులు, క్రీముల డబ్బాల మీది లేబుల్‌ను కౌంటర్లో ఒక పలక మీదుగా పోనిస్తే ఆ పట్టీ అయస్కాంతత్వం పోతుంది, రేకు శ్రుతి తప్పుతుంది, గేటు పలకదు. చీరల బిళ్ళను మాత్రం ఊడదీయాల్సిందే.

గేటుకు మనిషి కనపడడు, రేకు ఒక్కటే వినపడుతుంది. అది మోగాక తల తిప్పి చూసేది మనమే. అమ్మ ఆ చీర సద్దుల బతుకమ్మకు కట్టుకుంది. ఏ దుకాణం గేటు దాటినా ఇప్పటికీ బిల్లు అందరికీ కనపడేలా పైకి పట్టుకునే నడుస్తుంది.